ఆఫ్రికా కథల బొమ్మల పుస్తకాలు పిల్లలకు చెబుతున్నాను, సరిగ్గానే చెబుతున్నానా?

పటమట కథలక్క, విజయవాడ:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది పటమటలో ఒక అపార్ట్‌మెంట్. రెండేళ్ళుగా ఆదివారం పొద్దున పదింటికి కింద సెల్లార్‌లో చాపలు పరిచి పిల్లలకు కథలు చెబుతున్నాను. ఐదేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ లోపు పిల్లలు పదకొండు మంది వస్తారు. వాళ్ళలో మా అబ్బాయి ఒకడు, రెండో తరగతి.

దసరా సెలవుల్లో జరిగింది చెబుతాను. మా వెనక వీధిలో ఇద్దరు ఆఫ్రికన్ కుర్రాళ్ళు అద్దెకు దిగారు. గుంటూరు వైపున్న ఒక యూనివర్సిటీలో చదువుతున్నారు. ఒక సాయంత్రం వాళ్ళలో ఒకతను కిరాణా కొట్టు నుంచి వస్తుంటే మా పిల్లలు నలుగురైదుగురు వెనకాల పడి "నల్లోడు, నల్లోడు" అని అరిచారు. నేను బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తున్నాను. కొట్టాయన నవ్వుతున్నాడు. మా వాచ్‌మన్ కూడా నవ్వుతున్నాడు. అతను ఒక్క క్షణం ఆగి వెనక్కి చూశాడు. ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. చేతిలో పెరుగు ప్యాకెట్, కరివేపాకు కట్ట ఉన్నాయి. మనింట్లో ఎవరో ఒకరు రోజూ తెచ్చుకునే సరుకే. అరిచిన వాళ్ళలో మా వాడు కూడా ఉన్నాడు.

ఇంటికొచ్చాక తిట్టాను. ఏడ్చాడు. తిడితే ఏం అర్థమవుతుంది, భయం తప్ప? అందుకే ఆఫ్రికా జానపద కథల బొమ్మల పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాను. మొదట దొరికింది పశ్చిమ ఆఫ్రికా కథ, 'వై మస్కిటోస్ బజ్ ఇన్ పీపుల్స్ ఇయర్స్'. ఇంగ్లీషులో ఉంది, నేను బొమ్మలు చూపిస్తూ తెలుగులో చెప్పాను. దోమ ఒక కోత కోస్తుంది. అది వినలేక ఉడుములాంటి జంతువు చెవుల్లో పుల్లలు పెట్టుకుంటుంది. అక్కణ్ణుంచి కొండచిలువ, కుందేలు, కాకి, కోతి వరుసగా బెదిరిపోయి, చివరికి గుడ్లగూబ పిల్ల చచ్చిపోతుంది. తల్లి గుడ్లగూబ దుఃఖంతో సూర్యుణ్ణి లేపదు. తెల్లవారదు. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. మళ్ళీ చెప్పమన్నారు, మళ్ళీ చెప్పాను.

పుస్తకం పనిచేసిందనుకుని సంతోషపడ్డాను. తర్వాతి ఆదివారం ఆరేళ్ళ పాప ఒకతి వచ్చి, "ఆంటీ, వెనక వీధి అన్నావాళ్ళు కొండచిలువల దగ్గర ఉండేవాళ్ళా?" అని అడిగింది. ఇంకొకడు "ఆఫ్రికా అంటే అడవే కదా" అన్నాడు. నాకు గుండె జారిపోయింది. ఒక తప్పు దిద్దబోయి ఇంకో తప్పు నేనే నేర్పానా?

ఇలాంటి పుస్తకాలు పిల్లలకు చెప్పిన వాళ్ళుంటే చెప్పండి. ఏవి ఎంచుకోవాలి, ఎలా చెప్పాలి? రంగు గురించి నేరుగా మాట్లాడాలా, కథలోనే వదిలేయాలా? ఆ అబ్బాయిల్లో ఒకర్ని కథల రోజుకు పిలిస్తే బాగుంటుందా? ఇంకో సంగతి, దిగుమతి పుస్తకాలు అన్నీ కొనే స్తోమత నాకు లేదు.

కొత్తపేట వాసి, గుంటూరు:

అమ్మా, మీ మనసు మంచిది. ఆ పిల్లలు చేసింది తప్పే, అందులో సందేహం లేదు. నాకు తట్టింది చెబుతాను. ఈ కాలం పిల్లలకు మన కథలే తెలియవు. పంచతంత్రం తెలియదు, మర్యాద రామన్న తెలియదు. మా మనవడికి తెనాలి రామకృష్ణుడు టీవీ కార్టూన్‌గానే తెలుసు, తెనాలి మాకు ఇరవై ఐదు కిలోమీటర్లే అయినా. ముందు మన ఇల్లు చక్కబెట్టుకుని తర్వాత పక్క ఖండం కథలు చెబితే బాగుంటుందని నా అభిప్రాయం. సాటి మనిషిని గౌరవించమని మన కథల్లో లేదా?

బ్రాడీపేట టీచరమ్మ, గుంటూరు:

కథలక్క గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. పందొమ్మిదేళ్ళుగా ప్రైమరీ పిల్లలకు చెబుతున్నాను, మీకు ఎదురైనదే నాకూ ఎదురైంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. తొమ్మిదేళ్ళ క్రితం స్కూలు వార్షికోత్సవానికి 'ఆఫ్రికా డ్యాన్స్' అని ఒకటి చేయించాం. పిల్లల ముఖాలకు నల్లరంగు పూశాం, నడుముకు ఆకులు కట్టాం, డప్పులు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఫొటో నా బీరువాలో ఉంది. చూసినప్పుడల్లా సిగ్గుతో తల వంచుకుంటాను. ప్రపంచాన్ని పరిచయం చేస్తున్నామనుకుని, కోట్లాది మందిని ఒక వేషంగా మార్చేశాం. మీ పిల్లలు వీధిలో అరిచిన మాటకూ మేం స్టేజీ మీద చేసిన పనికీ పెద్ద తేడా లేదండీ.

అప్పటి నుంచి నేను పెట్టుకున్న మొదటి నియమం ఒకటే. 'ఆఫ్రికా కథ' అనే మాట నా క్లాసులో వాడను. మన కథను ఎవరైనా 'ఆసియా కథ' అని చెబితే ఎలా ఉంటుంది? ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం ఉన్న ఆఫ్రికా దేశాలు 54. విస్తీర్ణంలో మన దేశం లాంటివి తొమ్మిది పడతాయి. గోడ మీద మ్యాప్ పెట్టి, మన దేశం ఆకారంలో కత్తిరించిన అట్టముక్క ఇచ్చి ఎన్నిసార్లు పడుతుందో పిల్లల చేతే కొలిపిస్తాను. ఆ తర్వాత "ఇది ఘనాలో అకాన్ వాళ్ళ కథ", "ఇది జింబాబ్వే వైపు కథ" అని వేలు పెట్టి చూపించి మొదలుపెడతాను. కథ ఒక ఊరిదీ ఒక భాషదీ అయిపోతే, అడవి అనే మాట దానంతట అదే తగ్గుతుంది.

రెండోది. దోమ కథ చెప్పారు కదా, అది విన్నప్పుడు మీకు మన కథ ఏదీ గుర్తు రాలేదా? ఏడు చేపల కథండీ! చేపా చేపా ఎందుకు ఎండలేదు, గడ్డిమోపు అడ్డొచ్చింది. గడ్డిమోపా ఎందుకు అడ్డొచ్చావు, ఆవు మేయలేదు. అలా పాలేరు, అవ్వ, ఏడ్చే పాప దాకా పోయి చివరికి ఎక్కడ తేలుతుంది? చీమ దగ్గర. అక్కడ సింహం పంచాయితీ పెట్టి ఒక్కొక్కర్నీ అడుగుతూ పోతే తేలేది దోమ దగ్గర. రెండు కథల్లోనూ అంత పెద్ద గొడవకు మూలం ఒక చిన్న పురుగు. నేను రెండూ ఒకే రోజు చెబుతాను. బోర్డు మీద ఒక పక్క చేప, గడ్డిమోపు, ఆవు అని గీస్తూ పోతాను, రెండో పక్క గుడ్లగూబ, కోతి, కాకి అని. రెండు గొలుసులూ పూర్తయ్యాక కాసేపు ఏమీ మాట్లాడను. పోయినేడు ఒక పిల్లాడు లేచి, "టీచర్, వాళ్ళ అవ్వ కూడా మా అవ్వలాగే చెబుతుంది" అన్నాడు. నేను వంద మాటల్లో చెప్పలేని దాన్ని వాడు ఒక్క మాటలో చెప్పాడు.

కొత్తపేట మాస్టారు గారూ, (మీ మాట తీరు చూసి మాస్టారే అనుకుంటున్నాను, కాకపోతే మన్నించండి) మీరన్నది నాకు పూర్తిగా సమ్మతమే, మన కథలు ముందు రావాలి. కానీ ఒకటి తర్వాత ఒకటి కాకుండా పక్కపక్కన పెడితే మన కథే ఇంకా బాగా గుర్తుంటుంది. అనాన్సి అనే సాలీడు కథలున్నాయి, అకాన్ వాళ్ళవి. ప్రపంచంలోని కథలన్నీ ఆకాశ దేవుడు న్యామే దగ్గర ఉంటాయి. వాటిని కొనుక్కోవాలంటే కొండచిలువను, చిరుతను, కందిరీగలను, కంటికి కనబడని ఒక వనదేవతను పట్టి తేవాలి. సాలీడు బలంతో కాదు, బుద్ధితో పడుతుంది. కందిరీగల మీద నీళ్ళు చల్లి, "వాన పడుతోంది, ఈ సొరకాయ బుర్రలోకి రండి" అంటుంది. ఇది విన్న పిల్లలకు వెంటనే తెనాలి రామకృష్ణుడు గుర్తొస్తాడు. వాళ్ళే అడిగి మరీ రామకృష్ణుడి కథలు చెప్పించుకుంటారు. ఇక ఆ వనదేవతను పట్టేది జిగురు పూసిన బొమ్మతో. కొడితే చెయ్యి అంటుకుంటుంది, తన్నితే కాలు అంటుకుంటుంది. మన బౌద్ధ జాతక కథల్లో పంచాయుధ కుమారుడు జిగురు వెంట్రుకల రాక్షసుడికి ఇలాగే చేతులూ కాళ్ళూ తలా అంటుకుని ఇరుక్కుంటాడు. అది ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళిందా అని పండితులు చాలాకాలం వాదించుకున్నారు. అమరావతి స్తూపం మీద జాతక కథలు చెక్కిన నేల మనది. ఈ రెండు కథలూ కలిపి చెప్పుకునే హక్కు మన గుంటూరు పిల్లలకు కాక ఇంకెవరికుంటుంది?

రంగు సంగతి. నేరుగా మాట్లాడండి. మనం దాటేస్తే పిల్లలు అది చెప్పుకోకూడని విషయం అనుకుంటారు. 'నలుపు' అన్న మాటను నిషేధించకండి, దాన్ని తిట్టుగా వాడటాన్ని ఆపండి. కృష్ణ అన్న మాటకే నలుపని అర్థం. ప్రకాశం బ్యారేజీ మీద నుంచి రోజూ చూసే నదికి ఆ పేరే కదా పెట్టుకున్నాం. చర్మంలో మెలనిన్ అనే పదార్థం ఎక్కువుంటే రంగు ముదురుగా ఉంటుందనీ, అది ఎండ నుంచి కాపాడుతుందనీ చెబితే ఏడేళ్ళ పిల్లలకు హాయిగా అర్థమవుతుంది.

మా చెల్లెలు అమెరికా నుంచి తెచ్చిన పుస్తకం ఒకటుంది, 'ముఫారోస్ బ్యూటిఫుల్ డాటర్స్'. 1987లో వచ్చింది. రాసి బొమ్మలు వేసింది జాన్ స్టెప్టో. జింబాబ్వేలో సున్నం, బంకమన్ను లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గ్రేట్ జింబాబ్వే కోట శిథిలాలను చూసి ఆ బొమ్మల్లో నగరం గీశారు. అడవీ గుడిసెలూ అనుకునే పిల్లలకు ఆ రాతి గోడలు చూపించండి చాలు. కథలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, మన్యారా, న్యాషా. ఇద్దరూ నల్లగా ఉంటారు, ఇద్దరూ అందగత్తెలే. ఒకతె గర్విష్ఠి, ఒకతె దయగలది. మన దగ్గర కథల్లో మంచి పిల్ల తెల్లగా ఉండి, చెడ్డది నల్లగా ఉండటం ఎంత అలవాటైపోయిందో ఈ పుస్తకం చదివేదాకా నాకే తెలియలేదు.

మా క్లాసులో ఒక పాప ఉండేది. ఇంట్లో వాళ్ళే 'కర్రిపిల్ల' అని పిలుస్తారు, ముద్దుగానే. న్యాషా పొలంలో పాటపాడుతూ పనిచేసే పేజీ తీసినప్పుడు ఆ పాప ముందుకు జరిగి, తన ముంజేతిని న్యాషా చేతి పక్కన పేజీ మీద ఆనించింది. గాజులు పైకి తోసుకుని మరీ. రంగు కలుస్తుందా లేదా అని కాసేపు చూసుకుంది. ఏమీ అనలేదు. బెల్లు కొట్టేదాకా పుస్తకం ఒళ్ళోంచి దించలేదు. వెనక వీధి కుర్రాళ్ళ కోసం మొదలుపెట్టానన్నారు మీరు. మీ పదకొండు మందిలోనే ఇలాంటి పిల్ల ఒకతి ఉండి ఉంటుంది, చూడండి.

అడవి, జంతువులు అనే భావన పోవడానికి, జానపద కథతో పాటు ఇవాళ్టి జీవితం చెప్పే కథ ఒకటి తప్పకుండా జతచేయండి. నేను వంగారి మాథాయ్ గురించి చెబుతాను. కెన్యా ఆవిడ. 1977లో ఆడవాళ్ళను కూడగట్టి చెట్లు నాటే ఉద్యమం మొదలుపెట్టారు. కోట్ల మొక్కలు నాటించారు. 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి ఆఫ్రికన్ మహిళ ఆవిడే.

డబ్బుల గురించి బెంగ వద్దు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు 2015 నుంచి ఉంది. దక్షిణాఫ్రికా నుంచి నడిచే ఆఫ్రికన్ స్టోరీబుక్ కథలు కూడా అందులో ఉన్నాయి. డబ్బు కట్టకుండా దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, మీరే తెలుగులోకి అనువదించి పెట్టొచ్చు కూడా. మేం బ్రాడీపేటలో జిరాక్స్ తీయించి దారంతో కుట్టుకుంటాం.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. కథయ్యాక నేను బల్ల మీద గోంగూర కట్ట, చింతపండు, గుప్పెడు జొన్నలు, రాగులు, బొబ్బర్లు పెడతాను. "వీటిలో ఆఫ్రికా నుంచి వచ్చినవేవి?" అని అడుగుతాను. ఒక్కరూ చెప్పలేరు, ఎందుకంటే అన్నీ అక్కడివే. మన గోంగూరకు పుట్టిల్లు ఆఫ్రికా. సెనెగల్‌లో ఆ జాతి మొక్క ఎర్రని పూదొప్పలతో బిస్సాప్ అని షర్బత్ చేసుకుంటారు. గుంటూరు పిల్లలకు గోంగూర పరాయిది అంటే నమ్మరు, ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నలతో వాదిస్తారు. మిరపకాయేమో అమెరికా ఖండం నుంచి వచ్చింది. గోంగూర పచ్చడి ముద్దలో మూడు ఖండాలున్నాయన్నమాట.

ఆ అబ్బాయిని కథల రోజుకు పిలవడం గురించి మాత్రం ఒక మాట. ఇప్పుడే పిలవకండి. చదువుకోవడానికి వచ్చిన కుర్రాణ్ణి కూర్చోబెట్టి "చూడండి పిల్లలూ" అంటే, అది కూడా వింతగా చూపించడమే అవుతుంది. మొదట వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ చెప్పాలి. తర్వాత ఇరుగుపొరుగులా ఉండండి. కథ చెప్పాలని అతనికి అనిపిస్తే అతనే చెబుతాడు.

తెనాలి టు అక్రా:

మాది తెనాలి. ఉద్యోగరీత్యా ఘనాలో ఏడేళ్ళున్నాను. టీచరమ్మ గారి పోస్టు చూసి రెండు ముక్కలు రాయాలనిపించింది.

అనాన్సి పూర్తి పేరు క్వాకు అనన్సే. క్వాకు అంటే బుధవారం పుట్టినవాడు. అకాన్ వాళ్ళు పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు పెడతారు. మగపిల్లలైతే ఆదివారం క్వాసి, సోమవారం క్వాజో, మంగళవారం క్వాబెనా, గురువారం యావ్, శుక్రవారం కోఫి, శనివారం క్వామె. ఆడపిల్లలకు అదే వరుసలో అకోసువా, అజోవా, అబెనా, బుధవారానికి అకువా, యా, అఫువా, అమా. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫి అన్నన్ శుక్రవారం పుట్టారు, 1957లో ఘనాకు స్వాతంత్ర్యం తెచ్చిన క్వామె ఎన్‌క్రుమా శనివారం. మీ పిల్లలందరి పుట్టినరోజులు కనుక్కుని, ఆ వారం పేరు అట్టముక్క మీద రాసి ఇవ్వండి. మా ఆఫీసులో మొదటి రోజే నన్ను "ఏ వారం పుట్టావు?" అని అడిగి కోఫి అనడం మొదలుపెట్టారు. ఏడేళ్ళూ అదే నా పేరు. పేరు పెట్టి పిలిచాక పరాయితనం ఎక్కడ మిగులుతుంది?

మనం 'కథ కంచికి, మనం ఇంటికి' అంటాం కదా. వాళ్ళకూ కథ ముగింపు మాట ఉంది. "నేను చెప్పిన ఈ కథ తియ్యగా ఉన్నా, లేకున్నా, కొంత తీసుకెళ్ళండి, కొంత నాకు తిరిగి రానివ్వండి" అని అర్థం. మీ ఆదివారం కథ అలా ముగించి చూడండి.

పటమట కథలక్క, విజయవాడ:

అందరికీ చేతులెత్తి నమస్కారం. నాలుగు ఆదివారాలు ఆగి రాస్తున్నాను.

వారం పేర్లు రాసి ఇచ్చాను. మా వాడు గురువారం పుట్టాడు, యావ్. స్కూలు బ్యాగుకు కట్టుకున్నాడు. ఏడు చేపలూ దోమా కలిపి చెప్పాను. "చీమ మంచిదా, దోమ మంచిదా" అని పెద్ద వాదన పెట్టుకున్నారు. తన పుట్టలో వేలు పెట్టారు కాబట్టి చీమది న్యాయమనీ, దోమ మాత్రం అబద్ధం చెప్పిందనీ తేల్చారు.

పోయిన శనివారం మా వాణ్ణీ, ఇంకో ముగ్గుర్నీ వెంటబెట్టుకుని వెనక వీధికి వెళ్ళాను. టెన్షన్‌తో నా చేతులే చల్లబడ్డాయి. తలుపు తీసింది ఆ అబ్బాయే. పిల్లలు సారీ చెప్పారు. మా వాడి గొంతు సరిగ్గా రాలేదు, రెండోసారి చెప్పాడు. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ రోజు ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. కానీ ఈ సంగతి చెప్పలేదు" అన్నాడు. అంతకన్నా ఏం అడగను? టీచరమ్మ గారు చెప్పినట్టు కథల మాట ఎత్తనేలేదు.

నేను మనసులో ఘనా అనుకుంటూ వెళ్ళాను. వాళ్ళది జాంబియా. 'ఒకే ఆఫ్రికా' అనొద్దని పిల్లలకు చెబుతూ నేను చేసింది అదే.

బయల్దేరుతుంటే అతనే అడిగాడు, తెల్ల మొక్కజొన్న పిండి ఇక్కడ ఎక్కడ దొరుకుతుందని. వాళ్ళు న్షిమా అని వండుకుంటారట. మన సంగటిలా గట్టిగా కెలికి, ముద్ద చేసి కూరలో అద్దుకుని తింటారు. ఇక్కడ కొన్న పిండి పచ్చగా ఉండి ఆ రుచి రావట్లేదట. మా పాలాయన్ని అడిగి తెల్ల మొక్కజొన్నలు తెప్పించి నిన్న పిండిమర దగ్గరికి తీసుకెళ్ళాను, పిల్లలూ వచ్చారు. మర చప్పుడులో అతను అరుస్తూ చెబుతున్నాడు, చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ ఇలాగే పిండి ఆడించడానికి తీసుకెళ్ళేదట, దారిలో కలులు కథలు చెప్పేదట. కలులు అంటే కుందేలు, తనకన్నా పెద్ద జంతువులన్నిటినీ బోల్తా కొట్టిస్తుంది.

మా వాడు పిండి సంచి పట్టుకుని నిలబడ్డవాడు అతని చొక్కా లాగి అడిగాడు, "అన్నా, సింహాన్ని బావిలో పడేసిన కుందేలేనా?"